రెండో పాప

కవలపిల్లల్ని ఎత్తుకుని బస్సెక్కిన ఆడమనిషిని మన దివిసీమలో ఎవరూ ఊరికే కూచోనివ్వరు. టిక్కెట్లు కొట్టే కండక్టరు దగ్గర్నుంచి, చేపల గంప కాళ్ళ మధ్య పెట్టుకుని చెమట తుడుచుకునే మనిషి దాకా అందరిదీ ఒకటే ప్రశ్న. "కవలలా అమ్మా? ఎవరు పెద్ద?" అది తెలుసుకుని వాళ్ళు ఏం చేసుకుంటారో భగవంతుడికే తెలియాలి. అడక్కపోతే మాత్రం అవనిగడ్డ వచ్చేలోపు వాళ్ళకి ఊపిరాడదు.

గంగాదేవికి ఆ ప్రశ్న ఆ రోజే కొత్త. పిల్లలకి పదో నెల నడుస్తోంది గానీ ఇద్దర్నీ కలిపి బస్సెక్కించడం అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ నెలకోసారి చిన్నదాన్నొక్కదాన్నే కోడూరు నుంచి బందరు తీసుకెళ్ళి వచ్చేది. పెద్దది నాయనమ్మ రావమ్మ దగ్గర ఉండేది. ఆ రోజు రావమ్మకి చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పుకుని మూలుగుతోంది. భర్త వీరాంజనేయులికి రొయ్యల చెరువు పట్టుబడి రోజు, గట్టు దిగి కదలడానికి వీల్లేదు. అందుకని గంగాదేవి ఇద్దర్నీ వేసుకుని మొదటి బస్సుకే గుడివాడ బయల్దేరింది.

"ఎవరు పెద్ద?" అంది పక్క సీటావిడ, అనుకున్నట్టే.

"ఇదండీ, ఎర్రదారం కట్టింది. లిఖిత. ఇది చిన్నది, వర్షిణి."

"చిన్నది భలే హుషారుగా ఉందే! నా గాజులు లాగేస్తోంది చూడు. పెద్దది నెమ్మదస్తురాలు లాగుంది."

"ఔనండీ," అని గంగాదేవి కిటికీ వైపు తిరిగింది.

ఇలా ముక్తసరిగా మాట్లాడటం గంగాదేవి స్వభావం కాదు. ముదినేపల్లిలో పెళ్ళికి ముందు ఆ గొంతు వీధి చివరికి వినపడేదని వాళ్ళ వాళ్ళే చెబుతారు. పిల్లలు పుట్టిన రోజు నుంచి ఇలా అయింది. ఆ సంగతి చెబితే గానీ గుడివాడ ప్రయాణం అర్థం కాదు.

రెండువేల రెండో సంవత్సరం, నాట్లు మొదలైన రోజులు. పుట్టింటికి తీసుకెళ్ళే నెల కూడా రాలేదు, ఏడో నెలలో నొప్పులొచ్చాయి. బందరులో ఒక నర్సింగ్ హోములో చేర్చారు. మొదటి పిల్ల ఇట్టే జారింది, కీచుమని ఏడ్చింది. రెండో పిల్లే ఇరవై నిమిషాలు సతాయించింది. బయటికొచ్చేసరికి ఒళ్ళంతా నీలం. ఏడుపు లేదు. నర్సులు దాన్నెత్తుకుని పక్కగదిలోకి పరిగెత్తారు. కాసేపటికి ఏడ్చిందన్నారు. కేజీంపావు ఒకటి, అంతకన్నా తక్కువ ఇంకోటి. ఇద్దర్నీ అద్దాల పెట్టెల్లో పెట్టి, చీటీలు రాసి కాళ్ళకి ప్లాస్టరుతో అంటించారు. "గంగాదేవి పాప 1". "గంగాదేవి పాప 2".

అయిదు వారాలు గంగాదేవి ఆ గది బయట బల్ల మీద కూచుంది. మూడు గంటలకోసారి పాలు పిండి స్టీలు గిన్నెలో పోసి లోపలికి పంపేది. అద్దంలోంచి చూసేది. వీళ్ళు నా పిల్లలు అని తెలిసేది గానీ అనిపించేది కాదు. ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. లోపల ఏదో మొద్దుబారిపోయింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. కన్నతల్లి నోట్లోంచి రావాల్సిన మాటేనా అది?

రావమ్మకి ఆ బాధలేం లేవు. ఆవిడ నోరు పెద్దది, ప్రేమ ఇంకా పెద్దది. వచ్చిన రోజే తేల్చేసింది.

"కవలల్లో వెనక పుట్టిందే పెద్దది. మా అమ్మ చెప్పేది, మా అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది."

"ముందు పుట్టింది కదా పెద్దదవ్వాలి?" అంది నర్సు.

"నీకు తెలీదులే అమ్మాయ్. అవనిగడ్డ బస్సు ఎప్పుడైనా ఎక్కావా? ముందు ఎక్కినవాళ్ళు లోపలికి జరుగుతారా లేదా? ఆఖర్న ఎక్కినవాడు ఫుట్‌బోర్డు మీద ఉంటాడు, బస్సాగగానే వాడే ముందు దిగుతాడు. కడుపూ అంతే. ముందు పడ్డది లోపల కూచుంది, వెనక వచ్చింది. అదే మా పెద్ద మనవరాలు!"

బల్ల మీద కూచున్న వాళ్ళంతా నవ్వారు. నవ్వినా ఎవరూ కాదనలేదు. మన వైపు ఏ ఇంట్లో అడిగినా ఇదే మాట చెబుతారు. గంగాదేవి కూడా చిన్నప్పట్నుంచీ విన్నదే.

ఇంటికి పంపే రోజు గురువారం. గురువారాల్లో గుడివాడ నుంచి స్కానింగ్ డాక్టరు గోవర్ధనరావు ఆ నర్సింగ్ హోముకి వచ్చేవాడు. నెల తక్కువ పిల్లలకి ఇంటికెళ్ళే ముందు తల స్కానింగ్ తీయాలన్నారు. తల స్కానింగ్ అంటే పెద్ద సొరంగంలాంటి మెషీనులో పెడతారేమోనని గంగాదేవి భయపడింది. తీరా చూస్తే కడుపుకి తీసే మెషీనే. చిన్న పిడిలాంటిదాన్ని పిల్ల నడినెత్తిన, మాడు మీద ఆనించి చూస్తారు.

గోవర్ధనరావు గుడ్డ తీసి చూసి విసుక్కున్నాడు. మాడు నిండా ఆముదం. రావమ్మ పొద్దున్నే అరచేత్తో పట్టించింది.

"ఇది తుడవడానికే నాకు సగం పూట పట్టేట్టుందమ్మా!"

"మాడు పూడొద్దా బాబూ? పూడకపోతే పిల్లకి గాలి సోకదూ?"

"పూడుతుందిలెండి, తొందరేం లేదు. అది మాకు కిటికీ. ఎముక కమ్మేసిందంటే ఈ మెషీను లోపలికి చూడలేదు. ఆ కిటికీ తెరిచి ఉన్న ఈ కాసిన్ని నెలలే మాకు దారి."

దూదితో తుడిచి, చల్లటి జెల్లు రాసి, ఒక్కో పిల్ల తలని అటూ ఇటూ చూశాడు. టీవీలో వానపడ్డట్టు బూడిదరంగు గీతలు. గంగాదేవికి ఏమీ అర్థం కాలేదు. ఆయన రెండో పిల్ల దగ్గర ఎక్కువసేపు ఆగాడు. ఫిల్ములు తాపీగా చూసి శనివారం చెబుతాను, గుడివాడ రండి అన్నాడు.

ఆ సాయంత్రం అద్దె కారులో కోడూరు చేరారు. కాళ్ళ చీటీలు కత్తిరించే ముందు రావమ్మ పెద్దదాని చేతికి ఎర్రదారం కట్టింది. ఇద్దరూ ఒకే పోలిక, కలిసిపోతారని. అక్కడ పొరపాటేం జరగలేదు, ఆవిడ అంత జాగ్రత్త మనిషి. ఇరవయ్యొకటో రోజు ఎటూ ఆస్పత్రిలోనే గడిచిపోయింది గనక మర్నాడు శుక్రవారమే ఉయ్యాల్లో వేసి పేర్లు పెట్టేశారు. ముందు పెద్దదాన్ని వేసి లిఖిత అన్నారు. తర్వాత చిన్నదాన్ని వేసి వర్షిణి అన్నారు. ఆ పూట నుంచి ఆ ఇంట్లో ఒకటోది లిఖిత, రెండోది వర్షిణి. బియ్యంలో పేర్లు రాసినా అదే వరస, పాలు పట్టినా అదే వరస.

శనివారం వీరాంజనేయులు గుడివాడ వెళ్ళాడు. గోవర్ధనరావు అతన్ని కూచోబెట్టి, లైటు పెట్టెకి ఫిల్ములు తగిలించి, ఓపిగ్గా చెప్పాడు. మొదటి పాపకి అంతా బాగుంది. రెండో పాపకి మాత్రం మెదడులో నీటి గదుల పక్కన చిన్న చిన్న చిల్లులు పడ్డాయి, ఇవిగో ఈ నల్ల చుక్కలు. మెదడు నుంచి కాళ్ళకి వెళ్ళే తీగలు సరిగ్గా అక్కణ్ణించే వెళ్తాయి. ఇప్పుడు చూస్తే పిల్ల బాగానే కనిపిస్తుంది. పోనుపోను కాళ్ళు బిగుసుకుంటాయి. మందు లేదు. రోజూ కాళ్ళకి ఎక్సర్‌సైజులు చేయించాలి, ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. బందరులో మాధురి గారని ఫిజియోథెరపీ ఆవిడ ఉంది, నెలనెలా ఆ పాపని ఆవిడకి చూపించండి.

వీరాంజనేయులు ఫిల్ములున్న కవరు గుండెలకి ఆనించుకుని ఇంటికొచ్చాడు. గడపలోనే గంగాదేవి అడిగింది.

"ఏమన్నారండీ?"

"ఒకళ్ళకి బాగానే ఉందంట. ఒకళ్ళకే..."

"ఎవరికి?"

"చిన్నదానికంట."

ఇంట్లో అందరూ ఒక్కసారిగా తలలు తిప్పి వర్షిణి వైపు చూశారు.

చూశారా ఎంత పని జరిగిందో! డాక్టరు లెక్కలో రెండో పాప అంటే వెనక పుట్టిన పిల్ల. వెనక పుట్టిన పిల్ల ఈ ఇంట్లో పెద్దది, చేతికి ఎర్రదారం కట్టిన లిఖిత. ఈ మనిషి దారిపొడుగునా 'రెండోది, రెండోది' అనుకుంటూ వచ్చి, ఇంటి వరసలో రెండోదాన్ని చూపించాడు. కవర్లో కాయితం ఉంది. దాని మీద 2 అంకె ఉంది. అంకె పక్కన పేరు లేదు, ఎందుకంటే స్కానింగ్ తీసిన రోజుకి పిల్లలకి పేర్లే లేవు. కొంప ముంచేది ఇలాంటి చిన్న ఖాళీలే. ఆ కాయితం అందరూ చూశారు, అందరూ తలూపారు, బీరువాలో పెట్టి తాళం వేశారు.

సోమవారం బందరులో మాధురికి చూపించి వచ్చిన మర్నాటి నుంచి గంగాదేవి పని మొదలుపెట్టింది. పనే అనుకుంది దాన్ని. పొద్దున ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి సావట్లో బొంత పరిచి, వర్షిణిని వెల్లకిలా పడుకోబెట్టి, మాధురి నేర్పినట్టు కాళ్ళు చాపడం, మడవడం, ఎడంగా తీసి పట్టుకోవడం. ఒక్కోటి పదిసార్లు, పైకి లెక్కపెడుతూ. ఒకటి, రెండు, మూడు. తుఫాను వాన కురిసి ఇంటి చుట్టూ మోకాల్లోతు నీళ్ళు నిలిచిన రోజు కూడా మంచం మీద బొంత వేసి చేసింది. ఒక్క పూట మానలేదు. ప్రేమ ఉందో లేదో తెలియని మనిషికి లెక్క ఒకటి దొరికింది, దాన్ని పట్టుకుంది.

పట్టుకుని ఉండగా ఉండగా చేతులకి ఆ పిల్ల అలవాటైంది. నాలుగో నెల్లో ఒకరోజు, పది అనగానే వర్షిణి బోసినోటితో నవ్వింది. గంగాదేవికి గుండెలో ఏదో కదిలినట్టయింది. హమ్మయ్య, నేను తల్లినే అనుకుంది. ఏడో నెల వచ్చేసరికి బొంత దులిపిన చప్పుడు వింటే చాలు, వర్షిణి వెల్లకిలా తిరిగి రెండు కాళ్ళూ తనే పైకెత్తి ఎదురుచూసేది. రావమ్మ నవ్వేది. "దీనికి ఇదో ఆటైపోయిందే! డాక్టరు చూస్తే మెచ్చుకుంటాడు."

లిఖిత పూర్తిగా రావమ్మ పిల్ల అయిపోయింది. నీళ్ళు పోయడం, జోకొట్టడం, దిష్టి తీయడం అన్నీ ఆవిడే. గంగాదేవి పాలిచ్చేది, ఇచ్చి అత్తగారి చేతుల్లో పెట్టేసేది. బాగున్నది కదా, దాని కోసం బెంగ దేనికి? చేతులు రెండే ఉన్నాయి. రావమ్మ వచ్చినవాళ్ళందరికీ లిఖితని చంకల కింద పట్టుకుని నిలబెట్టి చూపించేది.

"చూశారా, ఆరో నెలకే మునివేళ్ళ మీద నిలబడుతోంది! ఏం బలం, ఏం బలం! కాళ్ళు కర్రల్లా ఉన్నాయి. ఆ చిన్నదాని కాళ్ళు చూడండి, మెత్తగా."

"మీ పెంపకం కదండీ," అనేవాళ్ళు వచ్చినవాళ్ళు.

ఎనిమిదో నెల దాటినా లిఖిత కూచోలేదు. కూచోబెడితే వెనక్కి విరుచుకుపడేది. ఒళ్ళున్న పిల్ల, బద్ధకం అన్నారు. నీళ్ళు పోసేప్పుడు తొడల మధ్య చెయ్యి దూరడం లేదని రావమ్మ ఒకసారి గొణిగింది. నలుగు ఎక్కువ పెట్టింది. గంగాదేవి విన్నది. విని, బొంత మడత పెట్టుకుంది.

పదో నెల్లో మాధురి వర్షిణిని కిందకి వదిలి చూసింది. ఆ పిల్ల జరజరా పాక్కుంటూ వెళ్ళి బల్ల కాలు పట్టుకుని లేవబోయింది. మాధురికి ఆనందం, అనుమానం రెండూ కలిగాయి.

"నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇంత బాగా ఎవరూ లేరండీ. ఒకసారి గోవర్ధనరావు గారికి చూపించండి. ఆయన సరే అంటే ఎక్సర్‌సైజులు ఆపేద్దాం."

ఇదీ గుడివాడ ప్రయాణం వెనక సంగతి. బస్సు చల్లపల్లి దాటి, పామర్రు దాటి వెళ్తుంటే గంగాదేవికి చాన్నాళ్ళ తర్వాత కొంచెం తేలిగ్గా అనిపించింది. ఇవాళ ఆయన ఆపేయమంటే, కాళ్ళు బాగున్నాయంటే, ఇక ఈ పిల్ల నడుస్తుంది. అంతకుమించి ఆవిడ ఏ దేవుణ్ణీ ఏమీ అడగలేదు.

గోవర్ధనరావు వర్షిణిని ఒళ్ళో కూచోబెట్టుకున్నాడు. కాళ్ళు మడిచాడు, చాపాడు. పాదం కింద వేలితో గీశాడు. మాడు తడిమి, ఇంకా కాస్త సందుందమ్మా అని జెల్లు రాసి పిడి ఆనించాడు. చాలాసేపు చూశాడు. లేచి ఆవిడ తెచ్చిన పాత ఫిల్ములు లైటు పెట్టెకి తగిలించాడు. మళ్ళీ తెర వైపు చూశాడు.

"అమ్మా, మీరు రెండో పాపని కదా తేవాల్సింది?"

"రెండో పాపేనండీ. చిన్నది. దీనికే చేయిస్తున్నాను, ఒక్క పూట మానలేదు."

"ఈ ఫిల్ము ఈ బిడ్డది కాదు. చిల్లులు మాయమైనా మచ్చ మిగులుతుంది, గదులు పెద్దవవుతాయి. దీని తల శుభ్రంగా ఉంది. ఏ రోజూ ఏ దెబ్బా తగల్లేదు దీనికి." ఆయన గంగాదేవి ఒళ్ళోని పిల్ల వైపు చూశాడు. "ముందు పుట్టింది ఎవరు?"

"ఇదేనండీ."

"మరి ఆ పాప?"

"అది వెనక పుట్టిందండీ. అందుకే అది పెద్ద..."

గంగాదేవి తల దించి చూసింది. ఒళ్ళో లిఖిత ఆవిడ పమిట చెంగు చప్పరిస్తోంది. చేతికి ఎర్రదారం, ఆముదానికి నల్లబడి ఉంది.

గోవర్ధనరావు కుర్చీలో కూలబడ్డాడు. పరాయి దేశం వాడైతే అర్థం కాకపోను, ఆయన పుట్టింది గుడివాడ పక్కనే.

"మా ఇంట్లోనూ అంతేనమ్మా. మా మేనత్తలు కవలలు. వెనక పుట్టినావిణ్ణే పెద్దత్తయ్య అంటాం. నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు తట్టలేదు. రెండో పాప, రెండో పాప అన్నాను గానీ, మీ ఇంట్లో ఎవరినంటారయ్యా అని మీ ఆయన్ని ఒక్క మాట అడగలేదు."

ఆయన లిఖితని బల్ల మీద పడుకోబెట్టమన్నాడు. చంకల కింద పట్టి లేపాడు. రావమ్మ లోకానికంతా చూపించినట్టే పిల్ల మునివేళ్ళ మీద నిలబడింది. రెండు కాళ్ళూ కత్తెరలా ఒకదాని మీదకొకటి వచ్చాయి. మాడు మీద పిడి పెట్టి తెర ఆవిడ వైపు తిప్పాడు. చూపించాడు. ఈసారి గంగాదేవికి చూడటం తెలిసింది. నల్లటి గదులు, వంకరటింకర అంచులు.

"ముందు నుంచీ చేయించి ఉంటే?" అంది.

"చేయించినా కాళ్ళు బిగుసుకునేవేనమ్మా. కొంత తగ్గేది. ఎంత తగ్గేదో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఇవాళ్టి నుంచి మొదలుపెట్టండి."

"నడుస్తుందాండీ?"

"చెప్పలేను," అన్నాడు. కాయితం తీసుకుని, ఈసారి అంకె వేయకుండా లిఖిత అని పెద్ద అక్షరాలతో రాశాడు.

తిరుగు బస్సులో గంగాదేవికి కిటికీ పక్క సీటు దొరికింది. వరి కోతలైపోయి చేలన్నీ బోసిగా ఉన్నాయి. ఏడవాలి కదా అనుకుంది. ఏడుపు ఎక్కడుందో దొరకలేదు. నాలుగో నెల్లో వర్షిణి నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఆ నవ్వు వేరే పిల్లకి దక్కాల్సిన లెక్కలోది. ఆ ప్రేమ కూడా తప్పు గుమ్మంలోకే వెళ్ళిందా? లేదే, వర్షిణి మాత్రం తన పిల్ల కాదా? ఎటు ఆలోచించినా చేతికి ఏమీ తగల్లేదు.

మొవ్వలో ఎక్కిన ముసలావిడ ఎదురు సీట్లో సర్దుకుని కూచుంది. పిల్లలిద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"కవలలా తల్లీ? ఎవరు పెద్ద?"

గంగాదేవి లిఖిత చేతి ఎర్రదారం వైపు చూసింది.

"నిన్నేనమ్మా, ఎవరు పెద్ద?"

"తెలీదండీ," అంది గంగాదేవి.

"ఆఁ? కన్నదానివి, నీకు తెలీకపోవడమేంటి!" అని ముసలావిడ బుగ్గ నొక్కుకుంది.

కోడూరు చేరేసరికి నాలుగు దాటింది. జ్వరం తగ్గి రావమ్మ అరుగు మీద కూచుని ఉంది. వీరాంజనేయులు చెరువు నుంచి వచ్చి కాళ్ళ బురద కడుక్కుంటున్నాడు.

"ఏమన్నాడే అమ్మాయ్? ఆపేయమన్నాడా?" లిఖిత కోసం చేతులు చాపింది రావమ్మ.

గంగాదేవి ఇవ్వలేదు. "మొదటి పాప బాగుందన్నారు అత్తయ్యా."

"అది నాకు తెలిసిందేగా! మన పెద్దదానికేం, రాయి. మరి చిన్నదాని సంగతి?"

"వాళ్ళ లెక్కలో మొదటి పాపంటే ముందు పుట్టింది. వర్షిణి. ఆ రోజు రెండో పాపన్నది దీన్ని." లిఖితని కొంచెం ముందుకి పట్టి చూపించింది. "చిల్లులు దీని తలలో. మునివేళ్ళ మీద నిలబడేది బలం కాదంట."

రావమ్మ చేతులు అలాగే చాచి ఉండిపోయాయి. తర్వాత నోరు లేచింది. "ఆ డాక్టరుకి నోరు పడిపోయిందా? వెనక పుట్టిందీ అని ఒక్క మాట అంటే ముత్యాలు రాలిపోయేవా? ఆ నర్సింగ్ హోమువాళ్ళు..." తిట్టడానికి ఇంకెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూసింది. ఎవరూ దొరకలేదు. "నేను అందరికీ నిలబెట్టి చూపించానే," అంది. అని, పమిట నోట్లో కుక్కుకుంది.

వీరాంజనేయులు చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఆయన రెండో పాపనే అన్నాడు," అన్నాడు. "చిన్నది అన్నది నేను." నీళ్ళు చెంబులోంచి కారిపోతున్నాయి, చూసుకోలేదు.

గంగాదేవి ఇద్దర్నీ తీసుకుని లోపలికెళ్ళింది. గోడ గడియారం అయిదు కావస్తోంది. వర్షిణిని ఓ మూల గిలక్కాయ ఇచ్చి కూచోబెట్టింది. బొంత పరిచి లిఖితని వెల్లకిలా పడుకోబెట్టింది. తొడల మధ్య చెయ్యి పెట్టి ఎడంగా తీయబోయింది, రాలేదు. వర్షిణి కాళ్ళకి అలవాటైన చేతులు అవి, ఈ కాళ్ళ సంగతి వాటికేం తెలుసు? ఇంకొంచెం బలం పెట్టింది. లిఖిత గుక్కపెట్టి ఏడ్చింది. అమ్మ తనని అలా పట్టుకోవడం ఆ పిల్ల ఎరగదు. తల తిప్పి గుమ్మం వైపు, నాయనమ్మ కోసం చూసింది.

"ఒకటి," అంది గంగాదేవి. "రెండు. మూడు."

లెక్క వినపడగానే మూల గిలక్కాయ చప్పుడు ఆగింది. వర్షిణి జరజరా పాక్కుంటూ వచ్చింది. బొంత మీదకెక్కి, అక్క పక్కనో చెల్లి పక్కనో, సందు చూసుకుని వెల్లకిలా పడుకుంది. రెండు కాళ్ళూ పైకెత్తి తల్లి మొహంలోకి చూస్తూ నవ్వింది.

గంగాదేవి రెండు చేతులూ లిఖిత కాళ్ళ మీదే ఉన్నాయి.

"నీకు అక్కర్లేదమ్మా," అంది వర్షిణితో. "నీకు ఎప్పుడూ అక్కర్లేదు."

ఆ మాటతో పది నెలల ఏడుపూ ఒక్కసారి వచ్చింది. ఏడుస్తూనే నాలుగు అంది, అయిదు అంది. వర్షిణి కాళ్ళు దించలేదు.